తలుపు తట్టే సాయంత్రం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న గ్రంథాలయం అరుగు మీద మీరందరూ చుట్టూ చేరి ఫోనులో ఒక వీడియో చూపించారు. అస్థిపంజరాలు, గుమ్మడికాయలు, ముఖాలకు రంగులు పూసుకున్న పిల్లలు. "దయ్యాల పండుగకు అంత సంబరం ఎందుకు తాతయ్యా? మీరు అమెరికాలో చూశారు కదా" అని అడిగారు. దీపాలు పెట్టే వేళయింది, మీ అమ్మలు పిలుస్తున్నారు. నేను "చాక్లెట్ల కోసం" అని తేల్చేసి లేచాను. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల చేత 'కారణాలు వివరింపుము' అని రాయించినవాణ్ని, ఒక్క ముక్కతో తప్పించుకోవడం ఏం న్యాయం? అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే, ఓపిక పట్టండి.

2019లో నేనూ మీ మామ్మా షికాగో దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉన్నాం. మీరు దయ్యాల పండుగ అన్నదాని పేరు హాలోవీన్. ఏటా అక్టోబరు 31న వస్తుంది. ఆ ఏడు సరిగ్గా ఆ రోజే అక్కడ మంచు కురిసింది. అక్టోబరులో అంత మంచు వాళ్లకూ అరుదే. దీపావళి అంతకు నాలుగు రోజుల ముందే అయింది కాబట్టి, గుమ్మంలో మీ మామ్మ వేసిన ముగ్గు, ప్రమిదలు ఇంకా ఉన్నాయి. వాటి పక్కనే మా మనవడు కళ్లూ ముక్కూ పళ్లూ చెక్కిన గుమ్మడికాయ. మన ఇళ్ల ముందు దిష్టికి బూడిద గుమ్మడికాయ కట్టి రాక్షసుడి ముఖం వేస్తాం చూడండి, దానికి మేనమామలా ఉంది. మీ మామ్మ దానికి కూడా ఇంత కుంకుమ పెట్టింది.

కొడుకూ కోడలూ పిల్లల్ని తీసుకుని వీధిలోకి వెళ్లారు. నాకు అప్పగించిన పని ఒకటే. "నాన్నా, గంట మోగితే తలుపు తీయండి, ఒక్కొక్కరికి రెండేసి ఇవ్వండి" అని ఒక పెద్ద గిన్నె నిండా చాక్లెట్లు ఒళ్లో పెట్టి పోయారు. ఇంటి ముందు దీపం వెలుగుతుంటే పిల్లలు రావచ్చని, ఆర్పి ఉంటే రావద్దని గుర్తు. ఎక్కడా రాసిపెట్టి ఉండదు. అయినా ఆ ఊళ్లో అయిదేళ్ల పిల్లకు కూడా అది తెలుసు.

మొదట వచ్చింది ఒక తేనెటీగ. మూడేళ్లు ఉంటాయేమో. పసుపూ నలుపూ చారల గౌను, నెత్తిన రెండు మీసాలు, వాటన్నిటి మీద ఉబ్బెత్తు చలికోటు. తేనెటీగకు కోటేమిటని దాని ఏడుపు. ఆ సాయంత్రం వచ్చిన రాకుమార్తెలదీ, పులులదీ, అంతరిక్ష యాత్రికులదీ అదే ఫిర్యాదు. అంత కష్టపడి వేసుకున్న వేషం కోటు కింద కనబడకుండా పోయింది. తేనెటీగ వెనక నిలబడ్డ తల్లి "చెప్పు, చెప్పు" అంటోంది. ఆ పిల్ల ఏమీ చెప్పలేదు. నన్ను చూసింది, గిన్నెను చూసింది, రెండు చేతులూ అందులో పెట్టేసింది.

చెప్పవలసిన మాట 'ట్రిక్ ఆర్ ట్రీట్'. మిఠాయి పెడతారా, లేక మీ మీద ఏదైనా అల్లరి చేయమంటారా అని బెదిరింపు అన్నమాట. ఇప్పుడు ఎవరూ అల్లరి చేయరు. ఒకప్పుడు మాత్రం నిజంగానే చేసేవారు. మినెసోటా రాష్ట్రంలో అనోకా అని ఒక ఊరుంది. అక్కడ హాలోవీన్ మర్నాడు లేచి చూస్తే ఆవులు నడివీధిలో తిరుగుతుండేవట, కిటికీలకు సబ్బు పూసి ఉండేదట. పెద్దలు తిట్టి తిట్టి అలిసిపోయి, 1920లో తెలివైన పని చేశారు. ఆ రాత్రికి పిల్లలకే ఒక ఊరేగింపు పెట్టి, చేతుల్లో మిఠాయి పెట్టారు. అల్లరి అటకెక్కింది. ఆ ఊరు ఈనాటికీ తనను ప్రపంచ హాలోవీన్ రాజధాని అని చెప్పుకుంటుంది. తుంటరి పిల్లల్ని దండించడం కన్నా వాళ్లకు ఒక వేషం ఇవ్వడం తేలిక అని నా బడి అనుభవం కూడా చెబుతుంది.

మళ్లీ నా గుమ్మం దగ్గరికి వద్దాం. ఏడింటికి ఒక కుర్రాడు వచ్చాడు. ఒంటి చుట్టూ తెల్ల రంగు వేసిన అట్టపెట్టె, దాని మధ్య గుండ్రటి కంత, కంతలోంచి వేలాడుతున్న ఒక మేజోడు. నాకు అర్థం కాలేదు. "నువ్వెవరు నాయనా?" అని వచ్చిన ఇంగ్లీషులో అడిగాను. వాడి ముఖం వెలిగిపోయింది. "బట్టలు ఉతికే యంత్రాన్ని. మీ చొక్కా ఏమైనా మాసిందా?" అన్నాడు. నేను నవ్వితే, గిర్రున ఒకసారి తిరిగి చూపించాడు. చాక్లెట్ల సంగతి వాడికి గుర్తే లేదు. నేనే పిలిచి ఇచ్చాను.

అప్పటి నుంచి జాగ్రత్తగా గమనించడం మొదలుపెట్టాను. కొట్లో కొన్న దుస్తులు వేసుకున్నవాళ్లు తీసుకుని పరుగెత్తారు. ఇంట్లో కత్తిరించి, అతికించి, అమ్మ చీరో నాన్న చొక్కానో చించి వేషం కట్టినవాళ్లు మాత్రం కదల్లేదు. నేను అడిగేదాకా నిలబడ్డారు. మీరు అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. పండుగలో అన్నిటికన్నా ఎక్కువ ఆనందం ఆ గుమ్మం దగ్గర ఉంది. ముక్కూ మొహం తెలియని ఇంటి తలుపు తట్టడం, అది తెరుచుకోవడం, లోపలి మనిషి "నువ్వెవరు?" అని అడగడం, దానికి రోజూ చెప్పేది కాకుండా వేరే జవాబు చెప్పడం. తీపి ఆ తరవాతి మాట.

మా చిన్నతనంలో ఇది మాకూ ఉండేది. దసరాకు పంతులుగారి వెంట, చేతుల్లో రంగుకాగితాలు చుట్టిన విల్లులు పట్టుకుని, ఇంటింటికీ వెళ్లి పాడేవాళ్లం. అయ్యవారికి వరహాలు, మాకు పప్పు బెల్లాలు. ఆ పప్పు బెల్లం మా ఇంట్లోనూ ఉండేది, కానీ కరణంగారి గుమ్మంలో పాడి పుచ్చుకున్నదాని రుచి వేరు. ఇక పగటి వేషగాళ్లు వచ్చి వీధి మధ్య నిలబడితే, వాళ్లు మన పక్క ఊరివాళ్లేనని తెలిసినా నమ్మబుద్ధి కాదు.

స్కాట్లండ్, ఐర్లండ్ దేశాల్లో ఈ పండుగ పాత పద్ధతి మన దసరాకు ఇంకా దగ్గరగా ఉంటుంది. పిల్లలు వేషం వేసుకుని వెళ్లి, ఒక పాటో పద్యమో హాస్యమో చెప్పి, అప్పుడు పళ్లూ గింజలూ అడుగుతారు. ఊరికే చేయి చాపితే కుదరదు. నన్నడిగితే అదే మేలైన పద్ధతి. ఇంగ్లండులో మరో ఆచారం ఉండేది. చనిపోయినవారి ఆత్మశాంతికి ప్రార్థన చేస్తామని చెప్పి, పేదలు ఇంటింటా చిన్న రొట్టెలు పుచ్చుకునేవారు. ఎందుకంటే ఈ పండుగ మూలం చనిపోయినవారిని తలుచుకోవడంలో ఉంది. నవంబరు 1 క్రైస్తవులకు పునీతులందరి దినం, 2 చనిపోయిన ఆత్మలందరి దినం. హాలోవీన్ అనే మాటకు పునీతుల దినానికి ముందు సాయంత్రం అనే అర్థం. దానికీ ముందు, ఐర్లండులో పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే వేళ 'సావిన్' అనే పండుగ జరిగేది. ఆ రాత్రి పోయినవాళ్లు తిరిగి వస్తారని నమ్మకం. చీకటి పెరిగే కాలంలో మనుషులకు ఎక్కడైనా అలాంటి ఆలోచనే వస్తుంది కాబోలు.

గుమ్మడికాయ కథ చెప్పకపోతే మీరు ఊరుకోరు. జాక్ అనే పిసినారి ఉండేవాడట. వాడు సైతానునే మోసం చేసి, తనను ఎప్పటికీ నరకానికి తీసుకుపోనని మాట పుచ్చుకున్నాడు. చచ్చాక స్వర్గం తలుపు తడితే నీలాంటివాడికి చోటు లేదన్నారు. నరకం తలుపు తడితే మాట ఇచ్చాను, రానివ్వను అన్నాడు సైతాను. చీకట్లో ఎటు పోవాలని ఏడిస్తే ఒక నిప్పుకణిక విసిరాడు. జాక్ దాన్ని తొలిచిన టర్నిప్ దుంపలో పెట్టుకుని ఇప్పటికీ తిరుగుతున్నాడట. చూశారా, రెండు తలుపులూ మూసుకున్నవాడి దీపం అది. ఐర్లండులో నిజంగానే టర్నిప్ దుంపల్ని తొలిచి దీపాలు చేసేవారు. డొనెగాల్ ప్రాంతపు అలాంటి దుంప అచ్చు ఒకటి అక్కడి జాతీయ మ్యూజియంలో ఉంది. దాని బొమ్మ చూశాను. ముడతలు పడ్డ మొహం, పళ్లికిలించిన నోరు, చిన్న తల. నవ్వే గుమ్మడికాయ దాని ముందు పసిపాప. 1845 తరవాత బంగాళాదుంప పంట కుళ్లి కరువు వచ్చినప్పుడు ఐరిష్‌వాళ్లు లక్షల సంఖ్యలో అమెరికాకు వలస వెళ్లారు. తమ పండుగనూ వెంట తీసుకెళ్లారు. అక్కడ గుమ్మడికాయలు పెద్దవి, మెత్తనివి, తొలచడం తేలిక. దుంప పోయి కాయ వచ్చింది. మేమున్న ఇల్లినాయ్ రాష్ట్రమే అమెరికాలో గుమ్మడి పంటకు పుట్టిల్లు లాంటిది.

ఇక భయం సంగతి. మా వీధి చివర ఒక ఇంటాయన ముందు తోటంతా సమాధిరాళ్లు పాతి, దూదితో సాలెగూళ్లు అల్లి, తాను గడ్డి బొమ్మలా కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. పిల్లలు దగ్గరికి రాగానే లేచాడు. వాళ్లు అరిచిన అరుపు మా ఇంటి దాకా వినబడింది. చెల్లాచెదురై పరుగెత్తారు. అయిదు నిమిషాలకు అదే గుంపు, ఈసారి ఆ సంగతి తెలియని ఇద్దరు స్నేహితుల్ని ముందుకు తోసుకుంటూ మళ్లీ వచ్చింది. ఎండాకాలం రాత్రులు ఆరుబయట మంచాల మీద మీరు నా చేత దయ్యాల కథలు చెప్పించుకోలేదా? కథ వద్దనరు, ఆ తరవాత మంచినీళ్లకు లోపలికి ఒంటరిగా వెళ్లరు. అదీ ఇదీ ఒకటే. పక్కన పట్టుకోవడానికి ఒక చేయి ఉన్నంతసేపు భయం కూడా ఉయ్యాలే.

అందరూ ఈ పండుగ చేసుకుంటారని అనుకోకండి. దయ్యాల వేషాలు తమ మతానికి సరిపడవని దీపం ఆర్పేసుకునే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. వాళ్ల తలుపు ఎవరూ తట్టరు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలోనూ ఆ తరవాత కొన్నాళ్లూ, 1942 నుంచి 1947 దాకా, అమెరికాలో చక్కెర కూడా మన రేషను సరుకులాగే కొలిచి ఇచ్చేవారు. ఆ ఏళ్లలో మిఠాయి అడగడం బాగా తగ్గిపోయింది. చక్కెర తిరిగి రాగానే మళ్లీ పుంజుకుంది. 1950లో ఫిలడెల్ఫియా దగ్గర కొందరు పిల్లలు మాత్రం ఖాళీ పాల డబ్బాలకు రంగులు వేసుకుని, మిఠాయికి బదులు యుద్ధంలో నష్టపోయిన పిల్లల కోసం చిల్లర అడిగారు. 17 డాలర్లు వచ్చాయి. ఐక్యరాజ్యసమితి వారి పిల్లల సంస్థ యూనిసెఫ్‌కు ఇప్పటికీ పిల్లలు అలా వసూలు చేస్తూనే ఉన్నారు.

మనవలు ఎనిమిదింటికి తిరిగి వచ్చారు. దిండు గలీబుల్లో తెచ్చినదంతా నేల మీద గుమ్మరించారు. తినే ముందు కోడలు ఒక్కొక్కటీ చింపు ఉందా అని చూసింది. తెలియనివాళ్లు విషం కలుపుతారేమోనని అక్కడి తల్లులకు ఒక భయం. జోయెల్ బెస్ట్ అనే సమాజశాస్త్రజ్ఞుడు ఏళ్ల తరబడి వెతికినా, ఎవరో అపరిచితుడు అలా విషం పెట్టి పిల్లల ప్రాణం తీసిన ఉదంతం ఒక్కటీ తేలలేదు. అయినా తల్లి మనసు, చూడనివ్వండి. ఆ తరవాత సంత మొదలయింది. వేరుశనగ ముద్ద నింపిన చాక్లెట్ ఒకటికి పుల్లటి బిళ్లలు నాలుగు. కొబ్బరిది ఎవరికీ వద్దు. మొక్కజొన్న గింజ ఆకారంలో మూడు రంగుల మిఠాయి ఒకటి ఉంటుంది, కాండీ కార్న్ అంటారు, అదీ ఎవరికీ వద్దు. వద్దన్నవన్నీ తాతయ్య వాటా. పక్కింటి పిల్లకు వేరుశనగ పడదు. వాళ్ల గుమ్మంలో నీలిపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ పెట్టారు. అలాంటి కాయ ఉన్న ఇంట్లో తినేవి కాకుండా పెన్సిళ్లో బొమ్మలో కూడా ఇస్తారని అర్థం. అది నాకు బాగా నచ్చింది.

దీపం ఆర్పబోతుంటే మళ్లీ గంట మోగింది. ఇద్దరు పొడుగాటి కుర్రాళ్లు. నూనూగు మీసాలు. వేషమంటే తలకు చుట్టుకున్న ఒక గుడ్డ. సిగ్గుపడుతూ 'ట్రిక్ ఆర్ ట్రీట్' అన్నారు. వర్జీనియాలో చెసపీక్ అనే ఊళ్లో పన్నెండేళ్లు దాటినవాళ్లు ఇలా తిరగకూడదని చట్టమే ఉండేది. ఆ 2019లోనే దాన్ని సడలించారు. నేను ఏం చేయాలా అని తటపటాయిస్తుంటే మీ మామ్మ వెనక నుంచి వచ్చి, "పిల్లలే కదండీ" అని ఇద్దరికీ దోసిళ్లతో పోసింది. కొబ్బరివి కూడా కలిపి.

గుమ్మడికాయ లోపలి గుజ్జు తీసి పారేస్తుంటే దప్పళంలోకి వస్తుందని మీ మామ్మ గొడవ. చెక్కడానికి పెంచే కాయలు నీళ్లలా చప్పగా ఉంటాయని కోడలు చెప్పినా వినలేదు. పులుసు చేసింది, ఎవరూ తినలేదు. గింజలు మాత్రం ఉప్పు వేసి వేయిస్తే బాగున్నాయి. కాయ గుమ్మంలోనే ఉంది. మూడో రోజుకు ఉడుతలు దాని పళ్లు కొరికేశాయి. అయిదో రోజుకు బుగ్గలు లోపలికి పోయి, కింది పెదవి వేలాడింది. మనవడు దాన్నీ, కట్టుడు పళ్లు తీసి కూర్చున్న నన్నూ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. ఆదివారం వచ్చినప్పుడు చూపిస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య