అర లీటరు సెలైన్

ఆదివారం తెల్లవారుజామున నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే రోడ్డు మీద సైకిలు తొక్కే కుర్రాళ్ళను చూస్తుంటాం. ఎండ ముదిరేదాకా తొక్కి నీరసంగా ఇల్లు చేరిన పిల్లవాడికి మన వైపు దొరికే సలహా ఒకటుంది: "ఒక బాటిల్ ఎక్కించుకోరా అబ్బయా, లేచి కూర్చుంటావు." వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గర గంటలో పని అయిపోతుంది. ఇందులో తప్పుందని ఎవరికీ తోచదు.

ఆటల్లో నిషేధిత మందుల వాడకాన్ని (డోపింగ్) అడ్డుకునే ప్రపంచ సంస్థ వాడా లెక్కలో మాత్రం అది తప్పే. పోటీ ఉన్నా లేకపోయినా, ఆటగాడికి 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి రక్తనాళంలోకి ఏ ద్రవాన్నీ ఎక్కించకూడదు. ఆసుపత్రి చికిత్సకు, ఆపరేషన్‌కు, వైద్య పరీక్షలకే మినహాయింపు. మన బాటిలేమో అర లీటరు.

ఉప్పునీళ్ళ మీద ఇంత పట్టింపు ఎందుకంటే, దాని వెనక ఈపీవో ఉంది. ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే మూత్రపిండాలు వదిలే హార్మోన్ అది. ఎముక మజ్జ చేత ఎర్రకణాలను ఎక్కువగా తయారు చేయిస్తుంది. డయాలసిస్ రోగుల కిడ్నీలకు ఆ శక్తి ఉండదు కాబట్టి వాళ్ళకు ఇంజెక్షన్‌గా ఇస్తారు. 1990లలో ఆ మందే సైకిలు పందేల్లోకి దూరింది. కణాలు పెరిగితే కండరాలకు ఆక్సిజన్ బాగా అందుతుంది, నిజమే. కానీ రక్తం పులుసులా చిక్కబడి, గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. చెమట పట్టి నీరు పోతే ఇంకా చిక్కన. రోహిణి కార్తెలో మన చెమట సంగతి చెప్పాలా?

1997లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పురుషులకు ఎర్రకణాల వాటా 50 శాతం దాటకూడదని గీత గీసింది. దాటినవాళ్ళు పరీక్షకు ముందు సెలైన్ ఎక్కించుకుని రక్తాన్ని పలచన చేసుకునేవారు. డోపింగ్ చేసి 2012లో ఏడు టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెం టైటిళ్ళు పోగొట్టుకున్న అమెరికన్ సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ కేసులో ఈ సంగతీ బయటపడింది.

నన్నడిగితే, పదిహేనేళ్ళ పిల్లవాడికి ముందు అలవాటయ్యేది ఈపీవో కాదు, సూది. ఇవాళ బలానికి బి కాంప్లెక్స్, రేపు కాళ్ళనొప్పులకు ఇంకోటి. కొన్నాళ్ళకు సీసా మీద పేరు చదవాలన్న ధ్యాసే పోతుంది. అందుకే 2011లో సైక్లింగ్ సమాఖ్య, వైద్య అవసరం లేకుండా త్వరగా కోలుకోవడానికి విటమిన్ సూది కూడా వేసుకోవద్దని నియమం పెట్టింది. ఎదిగే వయసులో కండ పెంచే స్టెరాయిడ్లు పడితే ఎముకల చివర పెరిగే భాగాలు ముందే మూసుకుపోయి ఎత్తు ఆగిపోవచ్చు. కొన్ని దగ్గు సిరప్‌ల్లో ఉండే టెర్బుటలిన్ అనే మందు కూడా వాడా నిషేధిత జాబితాలో ఉందని ఎంతమంది కోచ్‌లకు తెలుసు?

ఒంట్లో ఏం దొరికినా జవాబు చెప్పాల్సింది ఆటగాడే. కానీ దొరికినవాడు 16 ఏళ్ళ లోపు పిల్లవాడైతే చుట్టూ ఉన్న కోచ్, డాక్టర్ల మీదా విచారణ జరిపి తీరాలని వాడా నియమావళి చెబుతుంది. పిల్లలకు మందు ఎక్కించిన పెద్దలకు జీవితకాల నిషేధం కూడా పడవచ్చు.

ఇక మైపాడు నుంచి వచ్చిన కుర్రాడి నీరసం. మాట తడబడుతున్నా, స్పృహ తప్పుతున్నా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. అక్కడ సెలైన్ పెట్టినా తప్పు లేదు. మామూలు నీరసమైతే ఓఆర్‌ఎస్, లేదంటే గూడూరు నిమ్మకాయ పిండి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు. నోటితో తాగే నీళ్ళకు 100 మిల్లీలీటర్ల హద్దు లేదు.