ఫైరింజను ఖాళీ అయ్యాక

ప్రకాశం జిల్లా కొండపి, టంగుటూరు వైపు పొగాకు క్యూరింగు (పచ్చి ఆకును వేడితో ఆరబెట్టడం) చివరికి వచ్చేసరికి, అది జరిగే గది బ్యారన్ లోపల వేడి 70 డిగ్రీలు దాటుతుంది. కింద ఇనుప గొట్టాలు అంతకంటే ఎన్నో రెట్లు కాగుతుంటాయి. వాటిమీద ఎండిన ఆకు ఒక్కటి రాలినా చాలు, పైన ఆకు కట్టి వేలాడదీసిన కర్రలన్నీ అంటుకుంటాయి. 101కి ఫోన్ చేస్తే వచ్చే బండిలో సాధారణంగా 4,500 లీటర్ల నీళ్లుంటాయి. నిమిషానికి 225 లీటర్లు చిమ్మే గొట్టాలు రెండు పెడితే పది నిమిషాలకు అయిపోతాయి.

ఊళ్లో చెరువుంటుంది, బావులుంటాయి. కానీ నీళ్లుండడం వేరు, బండికి అందడం వేరు. వేసవిలో చెరువు నీళ్లు కట్టకు దూరంగా జరిగిపోతాయి. నల్లరేగడిలో దిగిన బండి కూరుకుపోతుంది. బండిలోని పంపు నిజానికి నీటిని లాగదు, గొట్టంలో గాలి తీసేస్తుంది. బయటి గాలి ఒత్తిడే నీటిని పైకి నెడుతుంది. అలా నెట్టగలిగే ఎత్తు లెక్క ప్రకారం 10.3 మీటర్లు, ఆచరణలో 7 మీటర్లే. మెట్ట ఊళ్ల బావుల్లో ఎండాకాలం నీళ్లు అంతకంటే కిందుంటాయి. జాయింటులో రబ్బరు వాషరు చిట్లినా, గొట్టం చివరి జల్లెడ కనీసం అడుగు లోతున మునగకపోయినా గాలి చొరబడి పంపు ఎత్తుకోదు. జల్లెడ బురదలో ఆనకుండా తాడుతో వేలాడదీయాలి. నెల్లూరు తీరంలో రొయ్యల చెరువుల నీళ్లు వాడుకోవచ్చు, అయితే వెంటనే మంచినీళ్లతో పంపును కడగాలి.

బోరు మీద ఆశ పెట్టుకోలేం. మంటలు లేచిన చోట ముందు కరెంటు తీసేస్తారు.

కరెంటుతో పనిలేకుండా నీళ్లిచ్చేది ఓవర్‌హెడ్ ట్యాంకు. అర అంగుళం కుళాయితో బండి నింపాలంటే ఐదు గంటలు పడుతుంది. గొట్టం వ్యాసం రెట్టింపైతే వచ్చే నీళ్లు ఐదు రెట్లు దాటుతాయి. ట్యాంకు కడిగిన నీళ్లు వదిలే వాష్‌అవుట్ గొట్టం ఎలాగూ ఉంటుంది. దాని చివర ఫైర్ హోస్ పట్టే 63 మిల్లీమీటర్ల కప్లింగు బిగిస్తే, 12 మీటర్ల ఎత్తున్న ట్యాంకు నుంచి బండి ఏడెనిమిది నిమిషాల్లో నిండుతుంది. మొదట కాసేపు మడ్డి పోనిచ్చి తర్వాత హోస్ తగిలించాలి.

ట్యాంకులో నీళ్లు మిగిలుండాలి కదా. అందుకు ఊరికి వెళ్లే గొట్టం మూతిని లోపల అడుగు నుంచి 75 సెంటీమీటర్ల పైకి పెంచాలి. 3 మీటర్ల లోతున్న 40,000 లీటర్ల ట్యాంకులో అలా 10,000 లీటర్లు, అంటే రెండు బండ్లకు పైగా, ఎప్పుడూ ఉంటాయి.

ఎక్కువగా మొరాయించేది ఆ వాష్‌అవుట్ గొట్టాన్ని తెరిచే వాల్వు. నెలకోసారైనా తిప్పకపోతే తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. దాన్ని తిప్పే చక్రం ఎవరింట్లో ఉందో ట్యాంకు స్తంభం మీదే పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి.