ప్రిన్సిపాల్‌కు నేరుగా రాయవచ్చా?

ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి టీచరు ఉద్యోగాల కోసం వచ్చే ఉత్తరాలు చదువుతూనే ఉన్నాను. కొందరు తప్పు చేస్తున్నట్టు నసుగుతూ రాస్తారు. మరికొందరు ఉద్యోగం వచ్చేసినట్టే రాస్తారు. రెండింటికీ మూలం ఈ అపోహలే.

అపోహ: నేరుగా రాస్తే పైరవీ అనుకుంటారు.

వాస్తవం: మీ తరఫున ఇంకొకరితో చెప్పించడం పైరవీ. మీ గురించి మీరే రాసుకుంటే పైరవీ ఎలా అవుతుంది? చాలాచోట్ల దరఖాస్తులను మొదట వడపోసేది కార్యాలయ సిబ్బంది. వాళ్ళు డిగ్రీ, శిక్షణ, అనుభవం చూస్తారు. ఎనిమిదో తరగతికి వచ్చినా భిన్నాలు రాని పిల్లలు ఎందరున్నారో, వాళ్ళకు ఎలాంటి మనిషి కావాలో తెలిసింది ప్రిన్సిపాల్‌కే.

ఒకసారి ఒకామె తన అర్హతలను ఒక్క వాక్యంలో ముగించి, రుణసంఖ్యను రుణసంఖ్యతో గుణిస్తే ధనసంఖ్య ఎందుకు వస్తుందో పిల్లలకు ఎలా చెబుతారో రాశారు. మైనస్ 3ను వరుసగా 2, 1, 0తో గుణిస్తే మైనస్ 6, మైనస్ 3, 0 వస్తాయి. ప్రతిసారీ 3 పెరుగుతోంది కాబట్టి తర్వాతి మెట్టు, అంటే మైనస్ 1తో గుణిస్తే 3 అని, పిల్లల చేతే చెప్పిస్తానన్నారు. వెంటనే ఆమె దరఖాస్తు తెప్పించుకున్నాను. ఉత్తరం చేసిన పని అంతవరకే. ఉద్యోగం తెచ్చిపెట్టింది ఆమె చెప్పిన డెమో క్లాసు.

అపోహ: ప్రిన్సిపాల్‌కు రాశాక మళ్ళీ దరఖాస్తు ఎందుకు?

వాస్తవం: ముందు దరఖాస్తు, ఆ తర్వాతే ఉత్తరం. నేరుగా సంప్రదించవద్దని ప్రకటనలో ఉంటే అసలు రాయకండి. పరీక్ష రాసి, మెరిట్ జాబితా ప్రకారం భర్తీ చేసే పోస్టుల్లో మాకు చేయగలిగింది ఏమీ ఉండదు.

అపోహ: ఎంత వివరంగా రాస్తే అంత మంచిది.

వాస్తవం: రెండు చిన్న పేరాలు చాలు. మెయిల్ పైన మీరు చెప్పే సబ్జెక్టు, తరగతులు కనిపించాలి. బయోడేటా ఒక్కటే జతచేయండి. పక్క బడి పేరు, అక్కడి ప్రిన్సిపాల్ పేరు మార్చకుండానే నాకు పంపిన వాళ్ళున్నారు. నవ్వుకున్నాను గానీ పిలవలేదు. క్లాసు వీడియోలు పంపేవాళ్ళకు ఒక మాట: తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ముఖాలు చూపిస్తే, మీ బోధన కన్నా ముందు మీ అజాగ్రత్తే కనిపిస్తుంది.

అపోహ: స్వయంగా వెళ్ళి కలిస్తేనే గుర్తుంటాం.

వాస్తవం: గుర్తుంటారు, కాకపోతే మీరు కోరుకున్న తీరులో కాదు. బడి మొదలయ్యే వేళకు, ఆ రోజు రాని టీచర్ల క్లాసులకు ఎవరిని పంపాలా అని తల పట్టుకుని ఉంటాను. సమయం అడిగి రండి.

అపోహ: జవాబు రాలేదంటే వద్దన్నట్టే.

వాస్తవం: వారం పది రోజులాగి ఒక్కసారి గుర్తుచేయండి, ఆపైన వదిలేయండి. ఖాళీలు విద్యా సంవత్సరం ఆరంభంలోనే రావు. ఒకరు ప్రసూతి సెలవుపై వెళతారు, ఇంకొకరు ఉన్నట్టుండి మానేస్తారు. అప్పుడు నేను చేసే మొదటి పని, పాత మెయిళ్ళలో ఆ సబ్జెక్టు పేరు కొట్టి వెతకడం. మెయిల్ పైన సబ్జెక్టు రాయమన్నది అందుకే.