తురాకో రెక్కల్లో రాగి

రామచిలుక ఈకలో ఆకుపచ్చ వర్ణకం, అంటే రంగునిచ్చే పదార్థం, ఉండదు. ఈకలోని సూక్ష్మ నిర్మాణం వెదజల్లే నీలి కాంతికి పసుపు వర్ణకం తోడై మన కంటికి పచ్చగా తోస్తుంది. నెమలి మెడ నీలం కూడా కాంతి పనితనమే. పచ్చని పక్షుల్లో చాలా వరకు ఇదే తీరు. ఆఫ్రికా అడవుల్లో పండ్లు తిని బతికే తురాకో అనే పక్షుల సంగతి వేరు. వాటి పచ్చదనం అచ్చమైన వర్ణకం. దాని పేరు తురాకోవెర్డిన్.

కొమ్మ మీద కూర్చున్న తురాకో ఆకుల్లో కలిసిపోతుంది. ఎగిరినప్పుడు మాత్రం రెక్కల్లో దాగిన సిందూర వర్ణం ఒక్కసారిగా బయటపడుతుంది. ఆ ఎరుపును 1869లో ఇంగ్లిష్ రసాయన శాస్త్రవేత్త ఆర్థర్ చర్చ్ పరిశోధించి, అందులో రాగి ఉందని చూపాడు. తురాసిన్ అనే ఈ ఎర్ర వర్ణకం బరువులో సుమారు 7 శాతం రాగే. పచ్చ వర్ణకంలోనూ రాగి ఉంది. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ అణువు మధ్యలో ఇనుము, ఆకుల పత్రహరితం మధ్యలో మెగ్నీషియం ఉన్నట్టే తురాసిన్ అణువు మధ్యలో రాగి కూర్చుని ఉంటుంది. ఈ మూడు అణువులూ ఒకే రసాయన కుటుంబానివి. ఎంత చదివినా నాకు ఆశ్చర్యం తీరని సంగతి ఇది. మామూలు నీటికి లొంగని ఈ ఎరుపు, క్షారం కలిపిన నీటిలో కరిగిపోతుంది.

ఆ రాగి అంతా తిండి నుంచి రావాల్సిందే. మేడి జాతి పండ్లంటే తురాకోలకు ప్రాణం. చిన్న పండ్లను గుటుక్కున మింగి, విత్తనాలను దూరంగా మరో చెట్టు కింద విడుస్తాయి. అడవి తిరిగి మొలవడంలో వాటి వంతు చాలా ఉంది. ఎక్కువ దూరం ఎగరలేకపోయినా కొమ్మల మీద ఉడతల్లా పరుగెత్తుతాయి. కాలి బయటి వేలిని ముందుకీ వెనక్కీ తిప్పగలగడం అందుకు సాయపడుతుంది. పుల్లలతో అల్లిన పలుచని గూట్లో సాధారణంగా రెండు గుడ్లు పెడతాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ పొదిగి, మింగిన పండ్ల గుజ్జును కక్కి పిల్లలకు పెడతారు. ఎగరడం రాకముందే పిల్లలు గూడు వదిలి కొమ్మల వెంట పాకుతాయి.

ఇదే కుటుంబంలో పొడి తుమ్మ వనాల్లో బతికే బూడిద రంగు జాతులకు ఈ పచ్చా లేదు, ఎరుపూ లేదు. దట్టమైన అడవికీ ఈ రంగులకూ సంబంధం ఉందనే నాకు అనిపిస్తుంది.

దక్షిణాఫ్రికా పక్కనున్న చిన్న దేశం ఎస్వాతినీలో (పాత పేరు స్వాజిలాండ్) రాజవంశీకులు ఈ ఎర్రని ఈకలను తలపై ధరిస్తారు. కామెరూన్‌లోని బమెండా ఎత్తైన ప్రాంతాల్లో బానర్‌మాన్ తురాకో అనే జాతి ఈక గౌరవ చిహ్నం. ఆ పక్షి బతికేది అక్కడి కొండ అడవుల్లోనే. పొలాల కోసం ఆ అడవులను నరికేయడంతో అది అంతరించిపోయే ప్రమాదంలో పడింది. మిగిలినవాటిలో ముఖ్యమైనది ఓకు పర్వతం మీది కిలుమ్-ఇజిమ్ అడవి. 1987 నుంచి అక్కడ స్థానిక గ్రామాల ప్రజలతో కలిసి దాన్ని కాపాడే పని సాగింది.