ఇంట్లో రెండో వార్డెన్ వద్దు: కరోనా కాలపు ఫస్టియర్, తల్లిదండ్రుల అపోహలు

హైదరాబాద్ శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను స్టూడెంట్ కౌన్సెలర్‌ని. లెక్క ప్రకారం నాతో మాట్లాడాల్సింది పిల్లలు. 2020 నుంచి మాత్రం వాళ్ల అమ్మానాన్నల ఫోన్లే ఎక్కువయ్యాయి. 2020 బ్యాచ్‌కి డిసెంబర్‌లో ఆన్‌లైన్‌లోనే క్లాసులు మొదలయ్యాయి. ఫిబ్రవరి 1న కాలేజీలు తెరిచారు, మార్చి 24 నుంచి తెలంగాణలో మళ్లీ మూసేశారు. ఫస్టియర్ అంతటికీ వాళ్లు క్యాంపస్ చూసింది రెండు నెలలు కూడా కాదు. 2021 నవంబర్‌లో తర్వాతి బ్యాచ్ వచ్చింది. ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. అప్పుడు తరచూ విన్న మాటలు కొన్ని, వాటికి నేను చెప్పిన జవాబులు ఇవి.

అపోహ: "రెండేళ్లు హాస్టల్‌లో ఉన్నవాడే మేడం, వాడికి కాలేజీ కొత్తేం కాదు."

వాస్తవం: ఇంటర్ హాస్టల్‌కీ బీటెక్ చదువుకీ పోలిక మంచం, మెస్సు వరకే. అక్కడ తెల్లారకముందే లేపేవాళ్లుంటారు. స్టడీ అవర్‌లో తల పక్కకు తిప్పితే అడిగేవాళ్లుంటారు. ఏ రోజు ఏ చాప్టర్ చదవాలో, ఏ వారం ఏ టెస్టు రాయాలో ముందే ఎవరో నిర్ణయించి ఉంటారు. పిల్లలు సొంతంగా తేల్చుకోవాల్సింది ఏమీ ఉండదు. మీ పని ఫీజు కట్టడం, ఔటింగ్ రోజు పచ్చడి సీసా పట్టుకుని వెళ్లడం. బీటెక్‌లోకి రాగానే ఆ లేపేవాళ్లూ అడిగేవాళ్లూ ఒక్కసారిగా మాయమవుతారు. మామూలు రోజుల్లోనే ఫస్టియర్ పిల్లలు ఇక్కడ తడబడతారు.

2021 బ్యాచ్ సంగతి ఇంకా వేరు. వీళ్లు 2020 మార్చిలో ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాసి, లాక్‌డౌన్‌కి ఇల్లు చేరారు. సెకండియర్ చాలావరకు సెల్‌ఫోన్‌లోనే గడిచింది. హాస్టల్ వార్డెన్ లేడు కాబట్టి ఆ డ్యూటీ మీరు తీసుకున్నారు. ఎంసెట్ ముందు, పదిహేడేళ్ల పిల్లల విషయంలో, దాన్ని నేను తప్పు పట్టను. అదే డ్యూటీ ఇప్పుడూ చేస్తామంటేనే చిక్కు. మీరు లేపుతున్నంత కాలం వాళ్లు లేవడం నేర్చుకోరు.

మొదటి నెలలోనే మూడు పనులు వాళ్ల చేతికి వదిలేయండి: పొద్దున లేవడం, అసైన్‌మెంట్ తేదీలు గుర్తుపెట్టుకోవడం, నెల ఖర్చుకిచ్చిన డబ్బులో రీచార్జ్ కూడా చూసుకోవడం. రెండు క్లాసులు పోతే పోనివ్వండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపించి, ఫీజు కట్టి కండొనేషన్ (హాజరు తక్కువైనా పరీక్షకు అనుమతి) తెచ్చుకోవాలి. 65 కూడా లేకపోతే డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఈ లెక్క మీరు వాళ్లకు వివరించకండి. రూల్స్ పుస్తకం చదివి వాళ్లనే మీకు చెప్పమనండి.

అపోహ: "ఆన్‌లైన్ క్లాసే కదా, పక్కన కూర్చుని గమనిస్తే చాలు."

వాస్తవం: పక్కన కూర్చుంటే పిల్లలు చూసేది క్లాసును కాదు, మిమ్మల్ని. లెక్చరర్ ప్రశ్న అడిగితే వెనక నుంచి జవాబు అందించిన నాన్నగారు ఒకరు నాకు తెలుసు. జవాబు కరెక్టే. ఆ తర్వాత నెలంతా ఆ అబ్బాయి మైక్ ఆన్ చేయలేదు. ఇంకో ఇంట్లో మైక్ ఆన్‌లో ఉండిపోయి, "తిన్న ప్లేటు తీయమన్నానా లేదా" అన్న అమ్మ కేక అరవై మందికీ వినిపించింది. మనకు నవ్వొస్తుంది. క్లాస్‌మేట్ల మొహాలు కూడా ఇంకా చూడని పిల్లకు అది చచ్చేంత అవమానం.

కావలసింది కాపలా కాదు, తోవ అడ్డం లేని ఒక మూల. తలుపున్న గది లేకపోయినా, గోడకు ఆనుకుని కూర్చునే చోటు, ఇయర్‌ఫోన్స్, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఎవరూ పిలవరన్న హామీ చాలు. రోజుకు 1.5 జీబీ ప్యాక్ అయితే, పాఠం వినేటప్పుడు తమ వీడియో ఆపుకోవచ్చా అని లెక్చరర్‌ని అడగమనండి. డేటా మిగులుతుంది. ఒకే ఫోన్ మీద అన్నాచెల్లెళ్లు ఇద్దరూ చదువుతుంటే ఆ మాట మెంటర్‌కి (పిల్లల బాగోగులు చూసే లెక్చరర్‌కి) చెప్పండి. రికార్డింగ్ పంపించే ఏర్పాటు చేయడం కాలేజీకి పెద్ద పని కాదు. చెప్పకపోతే మాత్రం ఆబ్సెంట్ అనే పడుతుంది.

ఇక్కడ ఒక మాట కాస్త గట్టిగానే చెబుతాను. 'ఎవరూ పిలవరన్న హామీ' చాలా ఇళ్లలో అబ్బాయిలకే దొరుకుతోంది. అమ్మాయి ఇంట్లో ఉందంటే ఖాళీగా ఉన్నట్టే. క్లాసు నడుస్తుంటే పొయ్యి మీద పాలు చూడమంటారు, చుట్టాలొస్తే టీ పెట్టమంటారు. ల్యాబ్ వైవాకు సిద్ధపడాల్సిన అమ్మాయి కుక్కర్ విజిళ్లు లెక్కపెడుతూ కూర్చుంటుంది. తర్వాత ఫోన్ చేసి, "ఇంటర్‌లో బాగానే చదివేది మేడం, ఇప్పుడేమైందో" అంటారు. ఏమైందో వంటింట్లోకి వెళ్లి చూస్తే తెలుస్తుంది.

అపోహ: "ఇంటర్‌లో 970 వచ్చాయి. ఇక్కడ తగ్గాయంటే ఫోన్ పట్టుకుని కూర్చున్నట్టే."

వాస్తవం: ఫోన్ కారణం కావచ్చు. నేను చూసినంతలో మొదటి కారణం మాత్రం అది కాదు. ఇంటర్‌లో ఏడాది చివర ఒక్క పరీక్ష. ఇక్కడ ఎనిమిది వారాలు తిరిగేసరికి మొదటి మిడ్, అంటే సెమిస్టర్ మధ్యలో వచ్చే పరీక్ష. మా దగ్గర 2021లో సబ్జెక్టుకు 100లో 25 సెమిస్టర్ మధ్యలో కాలేజీయే వేసే ఇంటర్నల్ మార్కులు, 75 సెమిస్టర్ పరీక్షవి. ఈ ఏర్పాటు అర్థమయ్యేలోపే మొదటి మిడ్ అయిపోతుంది. ఎంపీసీ చదివిన పిల్లల్లో ఎక్కువమంది సీ ప్రోగ్రామ్ ఎలా ఉంటుందో కూడా చూసి ఉండరు. ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ అయితే, డ్రాయింగ్ బోర్డు దగ్గర సార్ చెయ్యి పట్టుకుని దిద్దాల్సిన సబ్జెక్టు. దాన్ని అయిదంగుళాల స్క్రీన్‌లో నేర్చుకోమంటున్నాం. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు వీటన్నిటి మీద ఇంగ్లిష్ ఒకటి. క్లాస్‌రూమ్‌లో అయితే పక్కవాణ్ని గుసగుసగా అడిగి తెలుసుకునేవాళ్లు. జూమ్‌లో పక్కవాడు లేడు.

ఇంకో సంగతి పిల్లలు మీతో అనరు, నాతో అంటారు. 2021లో ఇంటర్ సెకండియర్ పరీక్షలు రద్దయ్యాయి. తెలంగాణలో ఫస్టియర్ మార్కులే సెకండియర్‌కీ వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి నుంచి 30 శాతం, ఇంటర్ ఫస్టియర్ నుంచి 70 శాతం తీసుకుని లెక్కకట్టారు. అందరూ పాస్. "మేం కరోనా బ్యాచ్ మేడం, మా మార్కులకు విలువ లేదు" అని పిల్లలే అంటున్నారు. ఇంట్లో చుట్టాల ముందు సరదాకి, "మావాడు పరీక్ష రాయకుండానే పాసయ్యాడు" అంటే మీకది జోకు. వాడికి అప్పటికే ఉన్న అనుమానానికి అది రుజువు. ఆ జోకు దయచేసి ఆపేయండి. మొదటి సెమిస్టర్‌లో పదికి 8.2 పాయింట్లు వస్తే "మిగతా 1.8 ఏమైంది" అనేది కూడా. ఒక బ్యాక్‌లాగ్ (ఫెయిలైన సబ్జెక్టు) ఉన్నా సప్లిమెంటరీ రాసి బయటపడొచ్చు. "ఏ సబ్జెక్టు పోయింది" అని కాక "ఎక్కడ అర్థం కాలేదు" అని అడిగితే మాట ముందుకు సాగుతుంది.

అపోహ: "ఇంట్లో అందరం ఉన్నాం, ఒంటరితనం ఎందుకుంటుంది?"

వాస్తవం: ఆ వయసులో కావలసిన తోడు మీరు కాదు. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ, కొత్తవాళ్లకు మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్ పెట్టమనడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. పిల్లలు ఒకరికొకరు పరిచయం కావాలి. అది ఆన్‌లైన్‌లో జరిగితే పేర్లు తెలుస్తాయి, మనుషులు తెలియరు. అందుకే రాత్రి పదింటికి వాట్సాప్‌లో నవ్వుకుంటుంటే వెంటనే ఫోన్ లాక్కోకండి. క్యాంటీన్‌లో జరగాల్సిన కబుర్లు అక్కడ జరుగుతున్నాయి. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో అదే కాలేజీలో చేరినవాళ్లుంటే మాస్కు పెట్టుకుని ఆరుబయట కలవనివ్వండి. ఒక్క తెలిసిన మొహం ఉన్నా మొదటి రోజు క్యాంపస్‌లోకి అడుగు తేలిగ్గా పడుతుంది.

అపోహ: "క్లాసులే ఆన్‌లైన్‌లో, ఇక ర్యాగింగ్ ఏముంటుంది?"

వాస్తవం: ఉంటుంది. సీనియర్లు గ్రూపు పెట్టి, అర్ధరాత్రి వీడియో కాల్‌లో 'ఇంట్రో' ఇమ్మంటారు. యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2009 నిబంధనల్లో మాటతో, రాతతో వేధించినా ర్యాగింగే. స్క్రీన్‌షాట్ దాచమనండి. హెల్ప్‌లైన్ 1800-180-5522.

అపోహ: "చచ్చిపోవాలనుందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుంది."

వాస్తవం: పుట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెబుతోంది. అడిగితే ఎక్కువమందికి గుండె మీద బరువు దిగినట్టుంటుంది. నిద్ర పూర్తిగా తారుమారవడం, తిండి మానేయడం, రోజుల తరబడి స్నానం చేయకపోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గుతుంది" లాంటి మాటలు... వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే చుట్టు తిప్పకుండా అడగండి: "నాన్నా, చనిపోవాలనిపిస్తోందా?" అవునంటే తిట్టొద్దు, ఒట్లు వేయించుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందు ఉంటే ఆ రోజే బయటికి తరలించండి, వీలుకాకపోతే తాళం వేయండి. వ్యవసాయం చేసే ఇళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతాను. తర్వాత సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి. అక్కడికి వెళ్తే 'పిచ్చి' ముద్ర పడుతుందని భయపడే రోజులు కావివి. రాత్రివేళ ఎవరూ దొరక్కపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది. తెలుగులో మాట్లాడొచ్చు.

అపోహ: "ఇంటి కష్టాలు పిల్లలకు తెలియనివ్వకూడదు. చదువు పాడవుతుంది."

వాస్తవం: వాళ్లకు తెలిసిపోయే ఉంటుంది. ప్రైవేటు స్కూల్లో టీచరైన నాన్న ఏడాదిగా జీతం లేక ఇంట్లో ఉంటే పద్దెనిమిదేళ్ల కూతురికి కనపడదా? తెలియనట్టు అందరూ నటిస్తుంటే ఆ అమ్మాయి పరీక్ష ఫీజు కూడా అడగడం మానేస్తుంది. కూర్చోబెట్టి అంకెలతో సహా చెప్పండి: ఫీజు ఎంత, ప్రభుత్వం కట్టే రీయింబర్స్‌మెంట్ ఎంత, మన చేతి నుంచి ఎంత. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రీయింబర్స్‌మెంట్ పథకం జగనన్న విద్యాదీవెన డబ్బు 2021 నుంచి తల్లి ఖాతాలో పడేది. పడిన వారం పది రోజుల్లో కాలేజీకి కట్టేయాల్సి ఉండేది. అది ఇంటి ఖర్చులకు వాడేసుకుంటే ఇబ్బంది పడేది హాల్‌టికెట్ వేళ పిల్లలే. సీటు మార్చుకునే ఆలోచన ఉన్నవాళ్లకు ఒక సంగతి: యూజీసీ 2021 మార్గదర్శకాల ప్రకారం ఆ ఏడాది డిసెంబర్ 31 లోపు అడ్మిషన్ రద్దు చేసుకుంటే 1,000 రూపాయలకు మించి పట్టుకోకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని కూడా 2018లోనే చెప్పింది. "అలా కుదరదమ్మా" అని ఆఫీసులో అంటే రాతపూర్వకంగా ఇమ్మనండి.

సెకండ్ వేవ్‌లో అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న పిల్లలు ఈ బ్యాచ్‌లో ఉన్నారు. ఆ ఇళ్లలో మిగిలినవాళ్లు "వాడి ముందు ఏడవకూడదు" అని బిగబట్టుకుంటారు, వాడేమో వాళ్ల ముందు ఏడవకూడదని బిగబట్టుకుంటాడు. కలిసి ఏడిస్తే చదువేం పాడవదు. కాలేజీకి తప్పకుండా తెలియజేయండి. మొదటి సెమిస్టర్‌లో వెనకబడితే మెంటర్ చూసే తీరు మారుతుంది. కోవిడ్‌తో తల్లినో తండ్రినో కోల్పోయిన సాంకేతిక విద్యార్థులకు ఏఐసీటీఈ స్వనాథ్ స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి.

అపోహ: "టీకా వేయించాకే హాస్టల్‌కి పంపిస్తాం."

వాస్తవం: 2021 నవంబర్‌లో కరోనా టీకా 18 నిండినవాళ్లకే. ఫస్టియర్‌లో చాలామందికి ఇంకా 17. వాళ్లకు ఎప్పుడొస్తుందో చూస్తూ కూర్చుంటే సెమిస్టర్ అయిపోతుంది. ఈలోగా మీ రెండో డోసు సంగతి చూసుకోండి. 2021 నిబంధనల్లో కోవిషీల్డ్ అయితే 84 రోజులకు, కోవాక్జిన్ అయితే 28 రోజులకు. సెలవులకు పిల్లలొచ్చేది మీ దగ్గరికీ, నానమ్మ తాతయ్యల దగ్గరికే కదా.

హాస్టల్ విషయంలో నా టెన్షన్ వైరస్ కంటే దాన్ని దాచిపెట్టడం గురించి. ఫిబ్రవరిలో తెరిచినప్పుడు జ్వరం వచ్చినా చెప్పకుండా డోలో వేసుకుని క్లాసుకొచ్చినవాళ్లున్నారు. ఎందుకురా అంటే, "చెప్తే అమ్మ ఇంటికి రమ్మంటుంది మేడం" అన్నారు. కాబట్టి పంపే ముందే మాట అనుకోండి: జ్వరం వస్తే ముందు వార్డెన్‌కి చెప్పాలి, తర్వాత మీకు. చెప్పినందుకు తిట్లుండవు, చదువు మాన్పించడమూ ఉండదు. హాస్టల్‌లో విడిగా ఉంచే గది ఉందో లేదో పిల్లల్ని పంపడానికి ఒప్పుకుంటూ ఇచ్చే కన్సెంట్ లెటర్ మీద సంతకం పెట్టేటప్పుడే అడగండి. లేకపోతే హైదరాబాద్‌లో ఎవరింట్లో ఉంచుతారో తేల్చుకోండి. ఆ పిన్నినో బాబాయినో ఇప్పుడే అడగండి. జ్వరం వచ్చాక అడిగితే పాపం వాళ్లు మాత్రం ఏమంటారు? ఒప్పుకున్నాక వాళ్ల నంబరు మెంటర్‌కి కూడా ఇవ్వండి.