చెట్టునెక్కడికి తోలుకెళ్తాం? తుపాను హెచ్చరిక వెనుక కథ, ఉద్దానం ప్రశ్న

ఈ మధ్య సైన్స్ వార్తల్లో తుపాను మాట తరచుగా కనబడుతోంది. 2025 జూన్‌లో గూగుల్ డీప్‌మైండ్ వాళ్లు కృత్రిమ మేధతో తుపాను దారిని 15 రోజుల ముందు వరకూ చూపిస్తామన్నారు. ఒక్కో తుపానుకు 50 దారులు గీసి, ఏది ఎంతవరకు జరగవచ్చో చెబుతారట. దానికి కొద్ది రోజుల ముందే, మే 26న, మన దేశం భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే వాతావరణ అంచనా పద్ధతిని మొదలుపెట్టింది. అంతకుముందు 12 కిలోమీటర్లకు ఒక గడిగా లెక్కగట్టే వాతావరణాన్ని ఇప్పుడు 6 కిలోమీటర్లకు ఒక గడిగా లెక్కగడుతున్నారు. సోంపేటలో కూర్చుని ఇవన్నీ చదువుతుంటే నాకు 2018 అక్టోబరులో మా చిన్నాన్న అన్న మాట గుర్తొస్తుంది.

తిత్లీ తుపాను వెళ్లిన నాలుగో రోజు అది. శ్రీకాకుళం తీరంలోని మా ఉద్దానంలో, కవిటి దగ్గర ఆయన కొబ్బరి తోటకి వెళ్లాను. దారి పొడుగునా మానులు అడ్డంగా పడి ఉంటే సైకిల్ ఎత్తి పట్టుకుని దాటుకుంటూ పోయాను. తోటలో చెట్లన్నీ ఒకే వైపు ఒరిగి ఉన్నాయి. వేళ్లు సముద్రం వైపు, తలలు కొండ వైపు. అక్కడక్కడా నాలుగైదు నిలబడి ఉన్నాయి కదా అని నాకు కాస్త ఊరట అనిపించింది. చిన్నాన్న తల అడ్డంగా ఊపాడు. వాటికి మొవ్వు విరిగిపోయింది. కొబ్బరికి పెరిగే చోటు ఆ ఒక్కటే. మొవ్వు పోతే పక్కన కొమ్మ వెయ్యడం, మళ్లీ చిగురు తొడగడం ఉండవు. చెట్టు నిలబడే చచ్చిపోతుంది. ఆయన ఒక మాను మీద కూర్చుని అన్నాడు: "గాలొస్తాదని ముందే సెప్పినారు బాబూ. మనుసుల్ని బడిలో పెట్టినారు. పశువుల్ని మేం తోలుకెళ్లినాం. చెట్టునెక్కడికి తోలుకెళ్తాం?"

ఆ మాటలో ఫిర్యాదు లేదు. హెచ్చరిక సరిగ్గానే వచ్చిందని ఆయనే ఒప్పుకున్నాడు. కానీ ఆ ప్రశ్న ఇన్నేళ్లుగా నాతోనే ఉంది. దానికి జవాబు వెతకాలంటే, అసలు ఈ హెచ్చరిక ఎవరి కోసం పుట్టిందో ముందు చూడాలి.

అది ఓడల కోసం పుట్టింది. 'సైక్లోన్' అన్న ఇంగ్లిషు మాటకు కూడా మన తీరంతో చుట్టరికం ఉంది. కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతంలో తుపానుల్లో చిక్కిన ఓడల లాగ్ పుస్తకాలు తిరగేసి, తుపానులో గాలి సుడి తిరుగుతుందని వివరించాడు. పాము చుట్ట గుర్తొచ్చేలా గ్రీకు మాటలోంచి 1848లో ఆ పేరు పెట్టాడు. ఆయన గట్టిగా పట్టించుకున్న తుపానుల్లో గోదావరి సముద్రంలో కలిసే చోటి కోరంగివి ముఖ్యమైనవి. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి కోరంగిని ముంచేశాయి. 1839లో మళ్లీ అదే గతి. ఆ తర్వాత కలకత్తా దగ్గర మాత్లా నది మీద కొత్త రేవు కడతామంటే, అక్కడ వద్దు, ఉప్పెన ఊడ్చేస్తుందని 1853లో గవర్నర్ జనరల్‌కు ఉత్తరం రాశాడు. ఎవరూ వినలేదు. రేవు కట్టారు. 1867లో తుపాను దాన్ని పాడుచేసింది. అప్పటికి పిడింగ్టన్ పోయి తొమ్మిదేళ్లు.

1864లో నెల తిరక్కుండానే రెండు పెద్ద తుపానులు వచ్చాయి. అక్టోబరులో కలకత్తా, నవంబరు 1న మచిలీపట్నం. ఒక్క మచిలీపట్నం దగ్గరే 30 వేల మంది దాకా పోయారు. అప్పుడు తెల్ల ప్రభుత్వం కదిలింది. 1865లో కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఇక్కడ మన ఉత్తరాంధ్ర వాళ్ల పేరు చెప్పుకోకపోతే నాకు మనసొప్పదు. అంతకు 35 ఏళ్ల ముందే, 1840లో, విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గొడే వెంకట జగ్గారావు సొంత డబ్బుతో వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని ఏళ్ల తరబడి నడిపి, నక్షత్రాలతో పాటు వాతావరణ లెక్కలూ రాయించారు.

రేవుల్లో ఎగరేసే హెచ్చరికలు ఆనాటివే. తీరప్రాంతంలో పుట్టినవాళ్లకి రేడియోలో వినబడే మాట తెలుసు: కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో మూడో నంబరు ప్రమాద సూచిక. ఈ నంబర్లు 11 దాకా ఉన్నాయి. ఒకటీ రెండూ ఎక్కడో దూరంగా సముద్రంలో గాలి లేచిందని. మూడూ నాలుగూ రేవుకే ముప్పు రావచ్చని. ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. చివరిదైన 11కి అర్థం వేరు. హెచ్చరిక కేంద్రంతో సంబంధం తెగిపోయిందని, ఇక ఎవరి జాగ్రత్త వాళ్లు చూసుకోవాలని. ఓడ నడిపేవాడి కోసం చేసిన ఏర్పాటు కాబట్టి అందులో ఊరి మాట లేదు, తోట మాట లేదు.

ఊరి మాట రావడానికి ఇంకో వందేళ్లు పట్టింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో 10 వేల మందికి పైగా పోయాక, హెచ్చరిక చివరి గుడిసె దాకా చేరాలన్న పట్టుదల పుట్టింది. 1983లో ఇన్శాట్-1బి పైకి వెళ్లాక తుపానును మన సొంత ఉపగ్రహంతో ఆకాశం నుంచి చూడగలిగాం. 1990 మేలో దాదాపు అంత బలమైన తుపానే కృష్ణా తీరాన్ని తాకితే, ముందే లక్షలమందిని తరలించడంతో మృతులు వెయ్యి లోపే ఉన్నారు. 1999లో ఒడిశాకి ఆ అదృష్టం దక్కలేదు. పారాదీప్ దగ్గర 10 వేల మంది దాకా పోయారు. అదే ఒడిశా 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చేసరికి దాదాపు పది లక్షల మందిని తీరం నుంచి కదిలించింది. గాలి 200 కిలోమీటర్లు దాటినా చావులు పదుల్లోనే ఆగాయి. 1999కీ 2013కీ మధ్య జరిగిన ఈ మార్పును నేను సైన్స్ చేసిన గొప్ప పనుల్లో ఒకటిగా లెక్కేస్తాను. ఉపగ్రహం, రాడార్, కంప్యూటర్, చివర్న ఇంటింటికీ తిరిగిన వీఆర్వో, అందరూ కలిస్తేనే అది అయింది.

కానీ ఆ ఫైలిన్‌కే కవిటి, ఇచ్ఛాపురం, సోంపేటలో కొబ్బరి కూలింది. ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడి విజయనగరం దాకా ఊపేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఒక్కోసారి 165. ఫైలిన్ తర్వాత నాటిన మొక్కకు అప్పటికి నిండా ఐదేళ్లు కూడా లేవు. మా వైపు దేశవాళీ పొడుగు రకం గెల వెయ్యాలంటే ఆరేడేళ్లు కావాలి. అంటే పడిపోయిన చెట్టు బదులు నాటినది ఒక్క కాయా ఇవ్వకముందే రెండో దెబ్బ తగిలింది. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని మావాళ్లు చెప్పుకుంటారు. ఉత్తరాంధ్ర కోనసీమ అనే పేరూ ఉంది. ఆ పేర్లన్నీ ఈ చెట్లవల్ల వచ్చినవే.

తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఆ పేరు పాకిస్తాన్ ఇచ్చింది. వాతావరణ శాస్త్రంలో సీతాకోకచిలుకకు ఒక చరిత్ర ఉంది. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ కంప్యూటర్లో వాతావరణం లెక్క నడిపిస్తూ, ఒక అంకెను 0.506127 అని కాకుండా 0.506 అని కుదించి వేశాడు. అంత చిన్న తేడాకే కొంతసేపటికి లెక్క పూర్తిగా వేరే దారి పట్టింది. తర్వాత 1972లో, బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే టెక్సస్‌లో సుడిగాలి పుడుతుందా అని ఒక ప్రసంగంలో అడిగాడు. రోజువారీ వాతావరణాన్ని రెండు వారాలు దాటి ముందుకు చూడటం కష్టమన్న అభిప్రాయం ఆ దారిలోంచే వచ్చింది. మన తిత్లీ కూడా తీరం దాటాక దారి మార్చింది. ఈశాన్యానికి తిరిగి ఒడిశా కొండల్లో కుండపోత కురిపించింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి పదుల సంఖ్యలో మనుషులు పోయారు. సముద్రం ఒడ్డున మనిషిని కాపాడిన హెచ్చరిక కొండమీది మనిషిని కాపాడలేకపోయింది.

ఇప్పుడు కొత్త యంత్రం దగ్గరకొద్దాం. డీప్‌మైండ్ వాళ్లే 2023 నవంబరులో తెచ్చిన గ్రాఫ్‌కాస్ట్‌నే చూడండి. అది గాలికీ నీటికీ సంబంధించిన భౌతిక సూత్రాలను లెక్కగట్టదు. 1979 నుంచి 2017 దాకా ప్రపంచ వాతావరణం ఎలా నడిచిందో చదువుకుంది. ఆరు గంటల క్రితం ఇలా ఉంది, ఇప్పుడిలా ఉంది, ఇంకో ఆరు గంటలకు ఎలా ఉంటుందో ఊహిస్తుంది. ఆ ఊహ మీద మళ్లీ ఊహ. 40 సార్లు చేస్తే పది రోజులు. ఇదంతా ఒక్క నిమిషం లోపే. అదే ఏడాది సెప్టెంబరులో లీ అనే హరికేన్ కెనడాలో నోవా స్కోషియాను తాకుతుందని తొమ్మిది రోజుల ముందే అది పసిగట్టింది. మామూలు పద్ధతుల్లో ఆ సంగతి ఆరు రోజుల ముందు గానీ తేలలేదు. మూడు రోజులు కలిసొచ్చినట్టే.

నా అనుమానం ఇక్కడే. ఆ యంత్రం చూసే గడి దాదాపు 28 కిలోమీటర్లు. పలాస నుంచి ఇచ్ఛాపురానికి తిన్నగా గీత గీస్తే 50 కిలోమీటర్లు ఉండదు. మొత్తం ఉద్దానం రెండు మూడు గళ్లలో ఇమిడిపోతుంది. తుపాను కన్ను చుట్టూ ఉండే అసలు గాలి అంతకంటే ఇరుకైన చోట తిరుగుతుంది కాబట్టి, ఇలాంటి పెద్ద గళ్ల యంత్రాలు దారి బాగా చెప్పినా గాలి బలాన్ని తక్కువ చేసి చెబుతాయని శాస్త్రవేత్తలే అంటున్నారు. పైగా అట్లాంటిక్‌లో విమానం తుపాను లోపలికెళ్లి గాలిని కొలుస్తుంది. బంగాళాఖాతంలో ఆ అలవాటు లేదు. మబ్బు ఆకారాన్ని ఉపగ్రహం నుంచి చూసి బలాన్ని అంచనా కడతారు. అంటే మన తుపానుల గురించి యంత్రం చదువుకున్న పాఠంలోనే కొంత అంచనా ఉంది. తిత్లీ అయితే 2018లో వచ్చింది కాబట్టి గ్రాఫ్‌కాస్ట్ మొదటి పాఠంలో అసలు లేదు.

అయినా నేను ఈ యంత్రం మీద ఆశ పెట్టుకున్నాను. దానికి కారణం చెట్టు.

మనిషిని కదిలించడానికి రెండు రోజులు చాలు. తిత్లీ అక్టోబరు 8న వాయుగుండంగా తేలింది, 11న తీరం దాటింది. ఆ మూడు రోజుల్లోనే ఊళ్లు ఖాళీ అయ్యాయి. చెట్టుకు అది సరిపోదు. కొబ్బరిది పీచు వేరు, లోతుగా దిగే తల్లివేరు ఉండదు. పైన ముదిరిన గెలలు, ఎండు మట్టలు, వాటి బరువంతా తల మీదే. గాలికి ముందు కాయ దింపి, పాత మట్టలు కొట్టేస్తే ఆ తల కొంత తేలికవుతుంది, గాలి పట్టు తగ్గుతుంది. 165 కిలోమీటర్ల గాలికి అన్ని చెట్లూ నిలుస్తాయని నేను అనను. నూటికి పది నిలిచినా ఒక ఇంటికి అది పెద్ద మాట. కానీ మా ఊళ్లో చెట్టెక్కే మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్కితే ముప్పై, నలభై చెట్లు. అలాంటి మనుషులు ఇప్పుడు ఊరికి ఇద్దరో ముగ్గురో. చెట్లు వేలల్లో. రెండు రోజుల హెచ్చరికతో ఎన్ని తోటలు చూడగలరు? పది రోజులిస్తే లెక్క మారుతుంది.

అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. పది రోజుల ముందు యంత్రం 50 దారులు గీసిందనుకుందాం. అందులో 8 మన తీరం మీదికొచ్చాయి, మిగతా 42 ఒడిశాకో, బంగ్లాదేశ్‌కో పోయాయి. రైతు ఏం చెయ్యాలి? దసరా, దీపావళి ముందు కాయ ధర బాగుండే రోజుల్లో లేత కాయ దింపితే నష్టం. దింపకపోతే భయం. కూలి డబ్బు ఎవరిస్తారు? ఈ టెన్షన్ అంతా చిన్నాన్న లాంటివాళ్ల నెత్తిన పెట్టి, మేం ముందే చెప్పాం కదా అనడం న్యాయం కాదు. 2025 వానాకాలంలో కేంద్ర వ్యవసాయ శాఖ కృత్రిమ మేధ అంచనాలతో రుతుపవనాల కబురును 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతులకు ఫోన్ మెసేజ్‌గా పంపింది. కబురు పొలం దాకా వెళ్లగలదని తేలింది. దాని వెంట డబ్బు వెళ్లాలి.

డబ్బు ముందే వెళ్లడం కూడా జరిగిన పనే. 2020 జూలైలో బంగ్లాదేశ్‌లో వరద ముంచుకొస్తుందన్న అంచనా చూసి, నీళ్లు ఇళ్లలోకి రాకముందే ఐక్యరాజ్యసమితి తన అత్యవసర నిధి నుంచి 52 లక్షల డాలర్లు విడుదల చేసింది. మన దగ్గర చెట్టు పడ్డాక లెక్కబెట్టి పరిహారం ఇస్తారు. కొబ్బరికి బీమా పథకం 2009లో వచ్చింది. అందులో పదహారేళ్లు దాటిన చెట్టుకు ప్రీమియం 14 రూపాయలు, హామీ 1,750 రూపాయలుగా పెట్టారు. అరవై ఏళ్లు కాసే చెట్టుకు ఆ సొమ్ము ఏ మూలకొస్తుంది? పడ్డాక ఇచ్చేదాంట్లో కొంత ముందే తీసి, 50లో 8 అన్న రోజునే చెట్టెక్కేవాళ్లకు కూలిగా ఇస్తే, తుపాను రాకపోయినా ఆ డబ్బు ఊళ్లోనే ఉంటుంది. ఎన్ని దారులు మన మీదికొస్తే కూలి మొదలుపెట్టాలో ముందే ఒక అంకె రాసుకోవచ్చు. రేవులో ఒకటో నంబరు, రెండో నంబరు ఉన్నట్టే తోటకీ నంబర్లు పెట్టుకోవచ్చు. ఆ అంకె ఎంతుండాలో గూగుల్ చెప్పలేదు. కవిటిలో కూర్చుని కాయ ధర, కూలి రేటు, చెట్టు వయసు తెలిసినవాళ్లు చెప్పాలి.

చిన్నాన్న 2019 తొలకరికే మళ్లీ మొక్కలు నాటాడు. పడిన మానులు కోయించి, గట్టు మీదికి దొర్లించి, ఆ గోతుల పక్కనే కొత్త గోతులు తీయించాడు. పోయిన వేసవిలో వాటిలో రెండు చెట్లు తొలి గెల వేశాయి. ఫోన్ చేసి చెప్పి, ఆ వెంటనే అడిగాడు: "ఆ పదేను రోజుల ముందు సెప్పే మెసేజి మన ఫోన్లోకి ఎప్పుడొస్తాది బాబూ?"