బెలూన్ ఫొటోలకు లెన్స్ కంటే ముందు గాలి చూసుకోండి

చలికాలం వచ్చిందంటే చాలు, వీకెండ్‌కి హాట్ ఎయిర్ బెలూన్ల ఫొటోలు తీయడానికి వెళ్తున్నాం, ఏ లెన్స్ పట్టుకెళ్లాలి అని మన హైదరాబాద్‌లో చాలామంది అడుగుతుంటారు. లెన్స్ సంగతి తర్వాత, ముందు కొన్ని అపోహలు పోవాలి.

అపోహ: టిఫిన్ చేసి తీరిగ్గా వెళ్లినా ఎగురుతూనే ఉంటాయి.
వాస్తవం: ఉండవు. సంక్రాంతికి పరేడ్ గ్రౌండ్స్‌లో పతంగి లేవాలంటే గాలి కావాలి, బెలూన్‌కి మాత్రం గాలి నెమ్మదిగా ఉండాలి. పొద్దెక్కి నేల కాగితే వేడిగాలి ఎగదన్నుతుంది, అందుకే పైలట్లు తెల్లవారగానే లేదా పొద్దుగూకే ముందు ఎగరేస్తారు. జనవరిలో మనకు సూర్యోదయం దాదాపు 6:45కి, అంటే ఆరింటికల్లా గ్రౌండ్‌లో ఉండాలి.

అపోహ: గాల్లోకి లేచాకే అసలు ఫొటో.
వాస్తవం: నాకైతే నేల మీద జరిగేదే ఎక్కువ ఇష్టం. ముందు పెద్ద ఫ్యాన్‌తో చల్లగాలి కొడతారు, గుడ్డ నేల మీద పడుకునే ఉబ్బుతుంది, ఇద్దరు గ్లౌజులేసుకుని దాని మూతి తెరిచి పట్టుకుంటే అటు చివర ఇంకొకరు తాడు పట్టి వెనక్కి వాలి లాగుతుంటారు, అప్పుడు బర్నర్ మంట లోపలికి కొడితే ఆ వెలుగు వాళ్ల ముఖాల మీద పడుతుంది. దీనికి వైడ్ లెన్స్ చాలు, ఫోనైనా చాలు. తాళ్లు మాత్రం దాటొద్దు, ఎక్కడ నిలబడాలో సిబ్బందిని అడగండి.

అపోహ: సాయంత్రం నైట్ గ్లోకి (బెలూన్లను నేల మీదే ఉంచి బర్నర్ మంటతో వెలిగించే షో) ఆటో మోడ్ సరిపోతుంది, కాకపోతే ఫ్లాష్ వేద్దాం.
వాస్తవం: ఫ్లాష్ వద్దే వద్దు, బెలూన్ లోపలి నుంచే వెలగాలి. ఆటోలో పెడితే చీకటి ఆకాశాన్ని చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది, మంట తెల్లగా మాడిపోతుంది, మళ్లీ సర్దుకునేలోపు బర్నర్ ఆగిపోతుంది. మాన్యువల్‌లో ఐఎస్ఓ 800, అపర్చర్ ఎఫ్/4, షట్టర్ స్పీడ్ 1/125 సెకనుతో మొదలుపెట్టి మంటను చూసి మార్చుకోండి, బర్నర్ బుస్సుమనగానే బర్స్ట్ (వరసగా ఫొటోలు) కొట్టండి. ఆకాశంలో కాస్త నీలం మిగిలి ఉన్నప్పుడే తీయాలి, పూర్తిగా చీకటి పడితే వెనక ఏమీ ఉండదు.

బుట్టలో ఎక్కితేనే మంచి ఫొటోలు వస్తాయన్నదీ నిజం కాదు. గాలితో పాటే కదులుతారు కాబట్టి కుదుపు తక్కువే, కానీ మీ బెలూన్ మీకు కనిపించదు, పక్కవాటినే తీయాలి.

పొగమంచు ఉంటే ట్రిప్ వేస్ట్ అనుకోకండి. 2017 నవంబరులో, 2019 జనవరిలో బెలూన్ పండుగ జరిగిన అరకు లాంటి చోట మంచు వల్ల ఎగరడం ఆలస్యం కావొచ్చు, కానీ కొండల ముందు పరచుకున్న ఆ తెలుపులో రంగుల గుడ్డ ఎంత బాగుంటుందో! చలిలోంచి వెచ్చటి గదిలోకి వెళ్లాక మాత్రం కెమెరా బ్యాగు జిప్ వెంటనే తీయొద్దు, లెన్స్ మీద తేమ పట్టేస్తుంది.

డ్రోన్ సంగతి ఒక్క మాటలో చెప్తా: బెలూన్ల దగ్గర ఎగరేయొద్దు. బుట్టలో మనుషులున్నారు.

చివరిగా, పైలట్ తనకు కావాల్సిన వైపు తిప్పుకుంటాడని చాలామంది అనుకుంటారు. అతని చేతిలో ఉన్నది పైకి లేపడం, కిందికి దించడమే, ఏ ఎత్తులో గాలి ఎటు వీస్తే అటు పోవాల్సిందే. ఎగిరేముందు గాలి చూడటానికి చిన్న హీలియం బెలూన్ ఒకటి వదులుతారు. అది ఎటు పోతుందో చూసుకుని జూమ్ లెన్స్‌తో అటు వైపు వెళ్లి నిలబడండి.